సింహరాశికి నేను తెచ్చిన గండం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట ఒక వారంపాటు తిరుపతిలో పన్నెండు రాశుల వాళ్ల తలరాతలు రాసింది బ్రహ్మ కాదు, నేను. ఆ వారంలోనే కన్నతండ్రి నోటికి తాళం వేశాను. ఎలాగో చెబుతాను, నవ్వితే నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. బి.ఏ. ముగించి ఇంట్లో ఉన్నాను. చుట్టాలొస్తే బియ్యం మూటల గదిలోకి దూరే రకం. నా కబుర్లన్నీ డైరీతోనే. మా ఇంటికొచ్చే పాలావిడ రెండేళ్లపాటు నన్ను మూగపిల్ల అనుకుని జాలిపడిందని తరవాత తెలిసింది.

మా వెనక వీధిలో చెంగల్రాయులు మామకు అచ్చాఫీసు ఉండేది. నాలుగు పేజీల వారపత్రిక వేసేవాడు. జనం దాన్ని కొనేది మూడో పేజీలోని వారఫలాల కోసం. వాటిని వరదాచార్యులు గారు రాసేవారు. ఆయన రాత చీమలు సిరాలో స్నానం చేసి కాగితం మీద ఆరబెట్టుకున్నట్టు ఉండేది. దాన్ని సాపు రాసి ఇవ్వడం నా పని.

ఒక వారం ఆచార్యుల వారు ఫలాలు ఇవ్వకుండానే మేనకోడలి పెళ్లికని కంచికి వెళ్లిపోయారు. మామ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"పాపా, ఈ తూరికి నువ్వే రాసీ!"

"నాకు జ్యోతిషం రాదు మామా."

"ఇన్నేండ్లు సాపు రాసినావు గదా! ఆడిది ఈడ, ఈడిది ఆడ మార్చు. గురుడు యాడుంటే మనకేం? పేపరు శుక్రవారం బయటికి రావల్ల, అంతే."

కాదనేదాన్నే. కానీ అతని చేతిలోని ప్రూఫు కాగితం చివర ఒక చిన్న ప్రకటన కనబడింది. చిత్తూరులో ఒక బడికి గ్రంథాలయం చూసుకునే మనిషి కావాలట. ఆడవాళ్లయితే మేలట. బుధవారం పది గంటలకు సర్టిఫికెట్లతో నేరుగా రావచ్చట. పొద్దస్తమానం పుస్తకాల మధ్య ఉంటే జీతం కూడా ఇస్తారట! ఆ క్షణాన నాకు లోకంలో కావలసింది అదొక్కటే.

అడ్డం ఒకటే, మా నాయన మునిరత్నం. ఇత్తడి సామాన్ల అంగడి ఆయనది. "మనకేం తక్కువమ్మా, ఆడపిల్లకు ఉద్యోగం యాల?" అనేవాడు. ఎదురు చెప్పే గొంతు నాకు లేదు. అయితే నాయన వారఫలాలు చూడకుండా క్షవరం కూడా చేయించుకోడు. ఇంకేం, నా నోరు చెప్పలేనిది గ్రహాలతో చెప్పిద్దామనుకున్నాను.

తిరుచానూరులో అర్చన చేయించినప్పుడల్లా నాయన తనది "రోహిణి నక్షత్రం" అనడం నా చెవులారా విన్నదే. రోహిణి అంటే వృషభం. కలం తీసి రాశాను:

"వృషభం: ఇంటి ఆడపిల్లకు నైరుతి దిక్కున ఉద్యోగ యోగం. తండ్రి తోడు వెళ్లిన శుభం. బుధవారం అనుకూలం. చదువు కాగితాలు మరువరాదు."

చదువు కాగితాలను గుర్తుచేసే గ్రహాన్ని మీరెక్కడైనా చూశారా? నేనూ చూడలేదు. కానీ రాసేటప్పుడు చాలా గంభీరంగా అనిపించింది.

మిగతా రాశులకు ధనలాభం, బంధుసమాగమం సర్దాను. అందరికీ మంచే రాస్తే ఎవరు నమ్ముతారు? కష్టాలు కూడా ఎక్కడో ఒకచోట పోయాలి. మా ఇంట్లో సింహరాశి వాళ్లు లేరు కదా అని, ఉన్నవన్నీ బిందెతో ఎత్తి సింహం నెత్తిన గుమ్మరించాను: "ఈ వారమంతా మౌనమే రక్ష. నోరు విప్పిన నష్టం. లోహములు ముట్టరాదు."

శుక్రవారం పొద్దున నాయన పత్రిక విప్పాడు. నేను తలుపు చాటున ఉన్నాను. చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. చేతిలోని కాఫీ లోటాను నిప్పు కణికలా కింద పెట్టేశాడు.

"ఏమయ్యా, కాఫీ బాగలేదా?" అంది అమ్మ.

నాయన పెదవుల మీద వేలు పెట్టుకుని, అదే వేలు పత్రిక మీద పెట్టాడు.

"ఏందే అది సులోచనా, సదువు," అంది అమ్మ.

వేలు సింహం మీద ఉంది. నేను రాసినదాన్ని నేనే చదివాను.

"నాయనది వృషభం గదమ్మా?"

"పూజకీ, పెండ్లికీ అది. అంగడి పెట్టినోళ్లు పేరు రాశే సూసుకోవల్లని ఆచారి ఎప్పుడో చెప్పినాడు. మునిరత్నమంటే సింహమే గదా!"

పన్నెండు రాశులూ నా కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

ఆ రోజు నుంచి ఇత్తడి అంగడిలో ఇత్తడి ముట్టని యజమాని కూర్చున్నాడు. సామాను కర్రతో చూపించేవాడు. తాళంచెవిని తువ్వాలుతో పట్టేవాడు. ఇంట్లో విస్తరాకు, మట్టిముంత. ఒకావిడ బిందె పట్టుకుని, "ఇది ఓటుదా అప్పా?" అని అడిగిందట. నాయన ఆకాశం వైపు చూశాడట.

"నోరు తెరిసి సెప్పప్పా!"

నాయన మళ్లీ ఆకాశం వైపే చూశాడట. "ఈయప్పకు సామి పూనినట్టుండాది," అని ఆవిడ బిందె అక్కడే పెట్టి, ఒక దండం కూడా పెట్టి పోయిందట.

మంగళవారానికి నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం ప్రకటనా, వృషభ ఫలమూ అమ్మకు చదివి వినిపించాను. అమ్మ నేరుగా నాయన ముందు కూర్చుంది.

"అంగడికి పేరు రాశి సరే. ప్రయాణానికి పుట్టిన నక్షత్రమే సూడల్లని కూడా ఆచారే గదా చెప్పింది! వృషభానికి ఏం రాసినాడే, సదువు."

చదివాను. నాయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి తల ఊపాడు. అంటే కాళ్లు వృషభం మాట వింటాయి, నోరూ చేతులూ సింహం మాట వింటాయన్న మాట.

బుధవారం చిత్తూరు బస్సెక్కాం. నాయన చేతికి తువ్వాలు చుట్టుకుని కమ్మీ పట్టుకున్నాడు. ముందు సీట్లో ఒక తండ్రి, ఒక కూతురు, ఒక సర్టిఫికెట్ల కవరు. వెనక సీట్లో ఇంకొక తండ్రి, ఇంకొక కూతురు, ఇంకొక కవరు. ఇద్దరు తండ్రుల చేతుల్లోనూ మా మామ పత్రిక!

"ఏందప్పా ఈ పొద్దు, కూతుర్లను తోలుకోని అందరూ చిత్తూరికే పోతాండారు?" అన్నాడు కండక్టరు.

"మాది వృషభం," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఉన్నది ఒక్క ఉద్యోగం. దానికి పోటీని నేనే ఫలాలు రాసి పిలిపించుకున్నాను. ఇంత తెలివి ఎవరికి వస్తుంది చెప్పండి!

"నీకు యాడికి పెద్దాయనా?" అన్నాడు కండక్టరు. నాయన నా వైపు చూశాడు. బస్సంతా నా వైపు చూసింది.

"చిత్తూరికి, రెండు," అన్నాను. పుట్టిన తరవాత పరాయి మనిషితో అంత గట్టిగా మాట్లాడింది అదే. అంతటితో వదలలేదు. పక్కాయన "మీదే ఊరు?" అంటే నేనే చెప్పాలి. చిత్తూరులో దిగాక బడికి దారి నేనే అడగాలి. బడి చేరేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి ఒక్కొక్క కూతురూ తండ్రితో వెళ్లింది. ముందు సీటు అమ్మాయికి వేసిన ప్రశ్నలన్నింటికీ వాళ్ల నాయనే జవాబు చెప్పాడట. రెండో అమ్మాయి నాయన, బడి గేటు ఈశాన్యంలో ఉందా అని ఎదురు ప్రశ్న వేశాడట. తరవాత మేము.

"అమ్మాయి ఎక్కడుంటుందండీ?" అని ఆమె నాయనను అడిగింది. నాయన ఆకాశం చూడబోయాడు, అక్కడ పంకా ఉంది. నా వైపు తిరిగాడు.

"మా మేనత్త ఇల్లు ఈడే ఉండాది మేడం," అన్నాను.

"పుస్తకాలంటే ఇష్టమా?"

ఇక చూసుకోండి! ఇరవై ఒక్కేళ్ల మాటలు ఒక్కసారి కట్ట తెంచుకున్నాయి. పుస్తకాలను ఎలా సర్దాలో, చిరిగినవాటికి అట్టలెలా వేయాలో, చదవని పిల్లలకు ఏది ముందు ఇవ్వాలో అన్నీ చెప్పాను. చివరికి ఆమే చేయెత్తి, "చాలమ్మా, సోమవారం నుంచి రా," అంది.

తిరుగు బస్సులో డైరీ తీసి మొక్కు రాసుకున్నాను: "నవగ్రహాల సాక్షిగా, ఇకమీదట ఎవరి రాశిలోనూ వేలు పెట్టను. కావలసింది నోటితో అడుగుతాను. కష్టాలు గుమ్మరించే ముందు కింద ఎవరున్నారో చూసుకుంటాను."

పూతలపట్టులో బస్సు ఆగింది. నాయన తువ్వాలు భుజాన వేసుకుని, ఇనుప కమ్మీని ఉత్త చేత్తో పట్టుకుని దిగాడు. రెండు టీలు తెచ్చి ఒకటి కిటికీలోంచి నాకిచ్చాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే, ఆరు రోజుల తరవాత నాయన నోరు తెరిచాడు.

"కంచికి పోయే ముందు ఆచారి మన అంగట్లోనే గదమ్మా పెండ్లికి చెంబు కొన్నాడు! ఈ వారం ఫలాలు రాయలేదని అప్పుడే చెప్పినాడు. ఇంగ నేను మాట్లాడొచ్చునా, లేకుంటే దానికీ నువ్వే రాయల్నా?"