ఎడమ బాక్సు, కుడి బాక్సు

ఆ సాయంత్రం తిరుత్తణి కల్యాణ మంటపంలో మా తరపున ఉన్నవి: హార్మోనియం ఒకటి, తబలా జత, పాడేవాళ్లు ఇద్దరు, తబలా మామ, ట్రూపు నడిపే హార్మోనియం అన్న, నేను, నా గిటారు, ఆంప్లిఫయర్ బాక్సులు రెండు. పేచీ ఆ రెండో బాక్సు మీదే. వ్యానులో దానికి చోటు కావాలని తిరువళ్లూరు నుంచి తబలా మామ తన తబలాలను వొళ్లో పెట్టుకుని వచ్చాడు.

"ఒక గిటారుకు రెండు బాక్సులేందిరా? ఈ ఒక్క కచ్చేరికే. ఎవురన్నా గొణిగినారో, రెండోది మీ ఇంట్లోనే ఉంటాది" అన్నాడు అన్న.

నేను అప్పుడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించాను. పాత కుట్టుమిషను పెడల్‌తో ఒక పరికరం చేశాను. మడమ నొక్కితే గిటారు ఎడమ బాక్సులో పలుకుతుంది, వేళ్లు నొక్కితే కుడి బాక్సులో. మెల్లగా తొక్కితే ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి పోతున్నట్టు ఉంటుంది. తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో మా గది మధ్యలో కూర్చుని విన్నవాళ్లందరూ మెచ్చుకున్నారు.

మంటపంలో బాక్సుల మధ్య దూరం కొలిచాను: ఇరవై నాలుగు అడుగులు. జనం ఎలా కూర్చుంటారో మాత్రం ఆలోచించలేదు. ఎడమ వైపంతా ఆడవాళ్లు, కుడి వైపంతా మగవాళ్లు, మధ్యలో ఖాళీ దారి.

రెండో పాటలో మడమ నొక్కగానే మగవాళ్లలోంచి పెండ్లికొడుకు మేనమామ లేచాడు.

"ఏమప్పా, గిటారు యాడికి పోయింది? తమ్ముడు నిద్రపోయినాడా?"

గాభరాగా వేళ్లు నొక్కాను. ఈసారి ఆడవాళ్లలోంచి ఒక అవ్వ.

"ఇప్పుడే గదా బాగుండింది, ఆపేసినాడే! మగోళ్లకేనా పాట?"

అన్న హార్మోనియం మీంచి ఒక చెయ్యి తీసి గొణిగినవాళ్లు ఇద్దరయ్యారని నాకు రెండు వేళ్లు చూపించాడు. నేను పెడల్‌ను నడిమధ్య ఆపేశాను. అందరూ ఊరుకున్నారు. రెండో బాక్సు పని అయిపోయిందనుకున్నాను.

పాట ముగియగానే పెండ్లికూతురి అక్క మా దగ్గరికి వచ్చింది. పెండ్లి జంట మాకు ఎదురుగా, ఆ ఖాళీ దారి చివర కుర్చీల్లో ఉన్నారు.

"అన్నా, గిటారు అట్లా ఇట్లా పరిగెత్తినాదే, అది మళ్లా కావాలంట మా చెల్లెలికి. పెండ్లికొడుకు గూడా తల తిప్పి తిప్పి ఎతుకుతా ఉండాడు."

అన్న గొంతు సవరించుకున్నాడు. "పెండ్లికూతురు అడిగినాక కాదంటామా? తొక్కురా!"

ఏ వైపూ పూర్తిగా మూగబోకుండా పెడల్ కింద ముందొకటి, వెనకొకటి పెన్సిల్ ముక్కలు అడ్డం పెట్టి తొక్కాను. మేనమామ లేవలేదు. అవ్వ తాంబూలం నములుతూ కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో అన్న, "మామా, తబలాలు వొళ్లో పెట్టుకోవడం అలవాటు చేసుకో" అన్నాడు.

హాల్లో ఉన్నవాళ్లు సుమారు మూడు వందలు. స్టీరియో విన్నవాళ్లు ఇద్దరు.