వేళ్లు పైకి, పువ్వూ పైకే: కామాఠిపురలో ఒక కలబంద

నర్సింలు పంపిన ఫోటో చూసి నేను నమ్మలేదు. నర్సింలు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదువుకున్నవాడు, ఇప్పుడు ముంబైలో టైల్స్ పని చేస్తున్నాడు. కామాఠిపురలోని ఒక పాత చాల్‌లో, అంటే వరుస గదుల మేడలో, గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా కట్టిన కలబంద పూసిందని అతని కబురు. అలా కట్టిన కలబంద నెలల తరబడి పచ్చగా ఉండటం మా మహబూబ్‌నగర్‌లో వీధివీధినా కనిపించేదే. కానీ ఇది కట్టి మూడేళ్లు దాటిందట. మట్టి లేదు, నీళ్లు లేవు, పైగా పూత! ఫోన్ చేసి నిలదీస్తే, "అబద్ధం కాదు మేడం. సోమవారం రూములు ఖాళీ చేస్తున్నరు, బిల్డింగ్ కూలగొడతరట. సూడాలంటే ఈ ఆదివారమే" అన్నాడు. "పువ్వు కోసం ముంబైకా?" అని మావారు నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే నేను సంచి సర్దేశాను.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మహబూబ్‌నగర్‌లో బస్సెక్కాను. టికెట్టు పన్నెండు వందలు. బస్సు నిండా కూలిపనులకు వెళ్లేవాళ్లే, సగం సీట్ల కింద జొన్నపిండి మూటలే. ఆదివారం ఏడు దాటాక దాదర్ దగ్గర దిగి, ఐదు రూపాయల టికెట్టుతో స్లో లోకల్ ఎక్కి గ్రాంట్ రోడ్‌లో దిగాను. తూర్పు వైపు బయటికొస్తే కామాఠిపుర పావుగంట నడక. దారిలో ఒక మూడో అంతస్తు సన్‌షేడ్ పగులులోంచి నిలువెత్తు రావి మొక్క తొంగిచూస్తోంది. ఏ కాకి రెట్టలోనో పడిన గింజ, గుప్పెడు దుమ్ము చాలనుకుని వేళ్లూనింది. రోడ్డు మధ్యలో నిలబడి దాన్నే చూస్తుంటే వెనక టాక్సీవాడు హారన్ మోగించి నా సరదా తీర్చాడు.

ఫోరస్ రోడ్ పక్కన ఒక చిన్న ఖానావళిలో ఎనభై రూపాయలకు జొన్నరొట్టె, పప్పు తిన్నాను. రొట్టెలు చేసే ఆమె నా మాట వినగానే "పాలమూరా? ఎవరింటికి పోవాలె?" అని అడిగింది. కలబంద పూసిన ఇల్లు అన్నాను. "బాలమణక్క ఖోలీనా! పదో గల్లీ, రెండో మాలా. జల్ది పో, అక్క సామాన్ కడుతుంది" అంది. ఖోలీ అంటే గది, మాలా అంటే అంతస్తు.

మెట్లెక్కి వరండా మలుపు తిరగగానే కనిపించింది. నర్సింలు చెప్పింది అక్షరాలా నిజం! ఎండిన వేళ్లు పైకప్పు వైపు, ఆకుల గుత్తి కిందికి. ఆ గుత్తి మధ్యలోంచి పూకాడ జానెడు కిందికి దిగి, దారి తప్పానని గ్రహించినట్టు మెలిక తిరిగి పైకి లేచింది. చివర పసుపు పచ్చని పూలు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. తలుపు దగ్గర గిన్నెలు మూట కడుతున్న బాలమణమ్మకు అరవై ఉంటాయి. నన్ను ఎగాదిగా చూసి, "గిది సూడనీకి గంత దూరంకెల్లి వచ్చినవా బిడ్డా? లోపలికి రా, చాయ్ తాగు" అంది.

చాయ్ తాగుతూ నాకు తెలిసిందంతా ఉత్సాహంగా చెప్పేశాను. కలబంద పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, చల్లబడ్డాకే తెరిచి గాలి పీలుస్తుంది, అందుకే ఒంట్లో నీరు ఆవిరి కాదు. దాచుకున్న నీరు తగ్గేకొద్దీ పాత ఆకులు వడిలిపోతాయి, వాటి చెమ్మ లేత ఆకులకు అందుతుంది. బాలమణమ్మ తల ఊపుతూ విని, "మా ఆయన కట్టిండు. కట్టిన ఏడాదికే ఆయన పోయిండు. ఇది మాత్రం నిలవడ్డది" అంది. ఎలాగైనా దీన్ని కొత్త గదికి తీసుకుపోవాలని ఆమె ఆశ. తర్వాత మెల్లగా, "నెల సంది పొద్దుగాల ఒక గ్లాసు పాణీ పోస్తున్న. ఇన్నేండ్లు మా దిష్టి తిన్నది కదా, దూపతోని ఎట్ల తోలుకపోవాలె?" అంది.

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. స్టూలెక్కి, కాండానికి చుట్టిన ఎర్రగుడ్డ పట్టుకుంటే తడిగా చల్లగా తగిలింది. విప్పితే కుళ్లిన వాసన. కాండం గోధుమ రంగుకు తిరిగి వేలికి మెత్తగా అణిగింది. పైకి లేచిన పువ్వుకు ఆ సంగతి ఇంకా తెలియదు. చెప్పకుండా దిగిపోదామా అనిపించింది, పిరికితనమే. "అమ్మా, ఇది దాహంతో లేదు. నీళ్లకే కుళ్లింది. తల్లి మొక్క బతకదు" అన్నాను.

"అంటే, మూడేండ్లు ఏం పోయకపోతే బతికింది. ప్రేమతోని పోస్తే సచ్చిందా?" అంది బాలమణమ్మ. మళ్లీ స్టూలెక్కి ఆకులు ఒక్కొక్కటి పక్కకు జరిపి వెతికాను. అడుగు ఆకు చాటున బొటనవేలంత పిలక! గట్టిగా, శుభ్రంగా, తెగులు తాకకుండా ఉంది. "బతికుంది, పిల్ల బతికుంది!" అని నేను అరిచిన అరుపుకు పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి.

కత్తి అడిగితే ఆమె ఒప్పుకోలేదు. దిష్టికి కట్టినదానికి ఇనుము తాకించరాదట. తనే స్టూలెక్కి, పిలకను వేళ్లతో మెల్లగా మెలితిప్పి ఊడదీసింది. తల్లి మొక్కను కూడా దించి వర్లి సముద్రంలో వదులుదామా అని అడిగాను. "దారం ముడి ఆయనేసిండు. నేను విప్ప. ఈ తలుపు ఉన్నన్ని దినాలు ఉండనీ" అంది. పిలకను వారం నీడలో ఆరబెట్టి, తర్వాత పొడి ఇసుకమట్టిలో నాటి, ఇంకో వారం చుక్క నీరు పోయవద్దన్నాను. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని, "ఏడ్చినా నీళ్లు పోయ బిడ్డా, ఎట్లనన్న బతుకు" అని దానితోనే అంది. అంటూ ఆమే ఏడ్చింది.

ఇన్నేళ్లుగా పిల్లలకు కలబంద పాఠం చెబుతున్నాను. అది ఎలా బతుకుతుందో గడగడా చెప్పగలను. దాన్ని బతికించాలనుకునేవాళ్ల చేతులు ఊరుకోవడం ఎంత కష్టమో మాత్రం బాలమణమ్మ గుమ్మంలోనే చూశాను. ఆ పిలకకు నీళ్లు పోయకుండా ఒట్టి చేతులతో చూస్తూ ఉండటం, తల్లి మొక్క మూడేళ్లు వేలాడటం కన్నా కష్టమనిపించింది.

ఆ చాల్ ఇక లేకపోయినా మీరు అటు వెళ్లేట్టయితే పొద్దున పదిలోపే వెళ్లండి. కామాఠిపుర గల్లీల్లో అడగకుండా కెమెరా తీయకండి, అక్కడివాళ్లు దానితో విసిగిపోయి ఉన్నారు. చాయ్ ఇస్తే కూర్చుని తాగండి, ఫోటో వాళ్లే తీసుకోమంటారు.