జపాను అయ్యవారు నేర్పిన నడక

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే నాకు పదకొండేళ్ల నాలుగు నెలల వయసులో, మదనపల్లెలో మా బడికి జపాను నుంచి ఒక నాటకాల అయ్యవారు వచ్చి పంతొమ్మిది రోజులు ఉన్నారు. మా వైపు వీధి నాటకాల్లో వేషగాళ్లు కాళ్లు నేలకేసి కొట్టే తీరు చూడాలని వచ్చారట. తన దేశంలో పెద్ద నాటకశాలల్లో పేరు తెచ్చుకున్నాక, తెరలూ రంగు దీపాలూ వదిలేసి, ఒక పాత ధాన్యపు కొట్టంలో నటన నేర్పడం మొదలుపెట్టారట. ఏడాదిపాటు శిష్యుల చేత ఒక్క మాటా పలికించకుండా నడక మాత్రమే నేర్పేవారట. అక్కడి పత్రికలు ఆయనకు పిచ్చెక్కిందని రాశాయట. ఇవన్నీ చెప్పింది, ఆయన మాటల్ని మాకు తెలుగులో వినిపించడానికి బెంగుళూరు నుంచి వచ్చిన అక్క.

మా బడిలో ఎంచిన ఎనిమిది మంది పిల్లలతో కుప్పంలో నాటకం వేయించాలని ఆయన సంకల్పం. యుద్ధానికి పోయిన కొడుకును వెతికే తల్లి వేషం నాది. మాటలు లేవు. ఒక సుద్ద గీత నుంచి ఇంకో సుద్ద గీత దాకా మెల్లగా నడవాలి, అంతే. ముప్పై ఆరు అడుగులు, అడుగుకు పది అంకెలు అని లెక్క పెట్టుకున్నాను. ఒక్క రోజూ తప్పలేదు. అయినా ఆయన రోజూ తల అడ్డంగా ఊపేవారు.

వేషం ఇంకొకరికి పోతుందని భయం పట్టుకుంది. చివరి మూడు రోజులు అన్నం సహించలేదు. పక్కింటి పెద్దమ్మ మా అవ్వతో "మీ పాపకు నడిసేది గూడ రాలేదంటనే" అనడం విన్నాక నిద్ర కూడా పట్టలేదు. కుప్పం వెళ్లే బస్సులో, పుంగనూరు దాటాక కూడా, మనసులో అడుగులు లెక్కపెడుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఇరవై మూడో అడుగు వేసేసరికి ముందు చోటు లేదు. జనం అవతలి గీత దాటి నా దారిలోకి వచ్చి కూర్చున్నారు.

"ఇట్ల నడిస్తే ఆ పాప అవతలికి పొయ్యేసరికి పెండ్లీడు వస్తాది" అన్నారెవరో. అందరూ నవ్వారు.

లెక్క చెదిరిపోయింది. దారి ఎవరిస్తారా అని, అన్ని రోజుల్లో మొదటిసారి, ఎదురుగా ఉన్న ముఖాల్లోకి ఒక్కొక్కటిగా చూశాను. ముందు వరసలో ఒక ముసలామె నవ్వు ఆపేసింది.

"ఎవురు కావల్లమ్మా నీకు?" అంది.

జవాబు చెప్పే వేషం కాదు నాది. ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ఆమె పక్కకు జరుగుతూ, "జరగండప్పా, దావ ఇయ్యండి. ఎవురి కోసరమో ఎతకతాండాది" అంది. నవ్వులు ఆగిపోయాయి. మనుషులు కదిలి దారి ఇచ్చారు.

జనాన్ని ముందుకు వచ్చి కూర్చోమన్నది అయ్యవారేనని తర్వాత అక్క చెప్పింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, ఇవాళ ఎన్ని అడుగులు వేశావని అడిగించారు. తెలియదన్నాను. అప్పుడు మొదటిసారి ఆయన తల నిలువుగా ఊపారు.

తర్వాత నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. పలకలో తప్పు వెతికే ముందు పిల్ల ముఖం చూడడం ఆ సాయంత్రం అబ్బిన అలవాటే. కొన్నిసార్లు చూడకుండానే దిద్దేశాను. ఆ పిల్లల ముఖాలు ఎలా ఉండేవో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రావు.