ఎదుటి పార్టీ చీనీపండు

చేతికందిన పండును, ఇది ఏ పార్టీదని అడిగి మరీ పారేసే ఇల్లు మీరెక్కడైనా చూశారా? నా చిన్నప్పుడు మా ఇల్లే అట్లాంటిది.

పులివెందుల దగ్గర మా ఊరు రెండు పార్టీలు. ఒక ఎండాకాలం ఎదుటి పార్టీవాళ్లు మా చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, నరికేశారు. అంతకుముందు మావాళ్లు వాళ్ల బోరు పూడ్చారని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఊళ్లో మిగిలిన చీనీ తోట వాళ్లదొక్కటే. ఆ పండు మా గడప దాటకూడదని మా నాయన కట్టడి. టౌను బస్సు ఎక్కాలన్నా వాళ్ల వీధికే పోవాలి గనక సంతకు పోవడం మానేశాం. కూరగాయలమ్మి కూడా భయపడి మావైపు రావడం లేదు. గాలి మాత్రం ఎవరినీ అడగకుండా ఆ తోట వాసనను మధ్యాహ్నాలు మా వసారాలోకి తెచ్చేది. అమ్మ కళ్లు మూసుకుని పీల్చుకునేది.

అమ్మకు అప్పటికి చిగుళ్ల నుంచి నెత్తురు. కాళ్ల మీద నల్లమచ్చలు, లేచి నిలబడితే తూలేది. మా పార్టీ పెద్దమనిషి ఆమె కోసం రేకు డబ్బాల్లో బఠాణీలు పంపించాడు. పైన ఇంగ్లీషు అక్షరాలు, నిగనిగలాడే పచ్చని బొమ్మ. అంత దూరం నుంచి వచ్చిన తిండిలో అంత బలం ఉంటుందని మావాళ్ల నమ్మకం. నెలల తరబడి అన్నమూ ఆ గింజలూ మాత్రమే తిన్నా అమ్మ ఇంకా వాడిపోతూనే ఉంది.

రెండు వీధులూ తిరగగలిగింది మిషన్ ఆసుపత్రి నర్సమ్మ ఒక్కతే. ఒకనాడు వచ్చి మా అమ్మ నోరు చూసి, రెండు గాజు గ్లాసుల్లో పలచని గంజి పోయించింది. గాయాలకు రాసే అయోడిన్ చెరో చుక్క వేసింది. గంజి రాత్రి ఆకాశంలా నీలమైంది. సంచిలోంచి చీనీపండు తీసి కోసింది.

"మందులమ్మ మంత్రాలు గూడా నేర్చిందే" అంది మా జేజి, నాయన తల్లి.

"మంత్రమైతే నేనే చేసుందు జేజీ. నువ్వే పిండు."

జేజి ఒక గ్లాసులో పండు పిండింది. నీలం మబ్బు విడిపోయినట్టు కరిగి, గంజి తేటపడింది. రెండో గ్లాసులో బఠాణీ డబ్బాలోని నీళ్లు పోసింది. ఒక చెంచా, మరో చెంచా. నీలం అట్లాగే ఉంది. బఠాణీలు చెడ్డవి కావని, ఆకలి తీరుస్తాయని, కండకూ పనికొస్తాయని నర్సమ్మ చెప్పింది. కానీ ఆ నీలాన్ని కరిగించింది పండులోని సి విటమిననీ, డబ్బాలో పెట్టి కాచేటప్పుడు అది చాలావరకు పోతుందనీ, ఈ జబ్బుకు కావాల్సింది అదేననీ చెప్పింది.

మా నాయన చూపు పండు మీదే ఉంది. "యాడిదమ్మా అది?"

"ఎవురి తోటదో నీకు తెలుసప్పా. ఆమె చిగుళ్లకు తెలీదు. ఇట్లే ఇడిస్తే మనిషి దక్కదు."

 నాయన లేచి తువ్వాలొకటి భుజాన వేసుకుని, కొడవలి గోడకే వదిలేసి, ఒంటరిగా ఎదుటి వీధిలోకి నడిచాడు. జేజి గడప పట్టుకుని నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఎండ కదలకుండా ఆగిపోయినట్టుంది.

నాయన తువ్వాలు నిండా పండ్లతో తిరిగొచ్చాడు. ఆ తోట యజమాని, ఒక ముసలాయన, తన చేత్తోనే కోసి ఇచ్చాడట. పదైదు రోజులకు అమ్మ చిగుళ్ల నెత్తురు ఆగింది. ఫ్యాక్షన్ ఆగలేదు. ఆ తర్వాత కూడా మా ఊళ్లో ఆ కక్షలకు ప్రాణాలు పోయాయి.

పౌరుషానికి రోగం లొంగదని, రుజువుకు మా నాయనంతటి మొండివాడు కూడా లొంగుతాడని ఆ రోజు నేర్చుకున్నాను. ఇన్నేళ్లుగా ఇట్లాంటి సభల్లో నేను వాదిస్తున్నది అదే. మీ ఇంట్లో వాడిపోతున్న మనిషి ఉంటే, మీ పెద్దమనిషి అనుమతి కోసం కూర్చోకండి. లేవండి. మీరు మాట్లాడని ఇంటి తలుపే అయినా సరే, ఈ రోజే వెళ్లి తట్టండి.