లొసుగు వెతికే కన్ను

హాంబర్గ్‌లో చిన్న సినిమాలకు పనిచేసే కెమెరామన్ శశిధర్, లాక్‌డౌన్‌లో షూటింగులన్నీ ఆగిపోయినా మెడలో వెలుగు కొలిచే లైట్ మీటర్ మాత్రం తీయలేదు. బ్రెడ్ కోసం క్యూలో నిలబడి కూడా, మాస్కులేసుకున్న ముఖాలమీద వెలుగు ఎటునుంచి పడుతోందో ఒక కన్ను మూసి చూసేవాడు. అతనికో అలవాటుంది. బాగా వచ్చిన షాటును రెండోసారి చూడడు, తప్పున్నదాన్నే తిప్పి తిప్పి చూస్తాడు.

ఒకప్పుడు అతని దగ్గర లెన్సులు తుడిచిన సంయుక్త, లైప్‌జిగ్‌లో తన గదిలోనే, ఒక్క కిటికీ వెలుగుతో సినిమా తీసింది. అది ఫెస్టివల్‌కి ఎంపికైంది. "చూసి చెప్పు అన్నా" అని లింకు పంపింది. శశిధర్‌కు కడుపు మండిపోయింది. నీడల్లో లొసుగు వెతికాడు, ఫోకస్‌లో వెతికాడు. దొరక్క మళ్లీ మొదటినుంచి చూశాడు. "అన్నం చల్లారిపోతోంది, అంత బాగుందా ఏంటి?" అంది భార్య హైమావతి. "ఏముంది! కిటికీ తెరిస్తే ఎవడైనా తీస్తాడు" అన్నాడు.

వారానికి సంయుక్త ఫోన్ చేసింది.

"తీరిక లేదమ్మా, ఇంకా చూడలేదు."

"అదేంటన్నా, నీకొక్కడికే పంపిన లింకు. పదకొండుసార్లు చూసినట్టు ఇక్కడ చూపిస్తోందే! అన్నిసార్లు చూశావంటే ఎక్కడో తప్పుంది. చెప్పన్నా, ఎక్కడ?"

శశిధర్ లైట్ మీటర్‌ను గుప్పిట్లో బిగించాడు.

"ఎక్కడా లేదమ్మా" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.