పల్లంలో వేసిన టెంట్లు

ఆమెను అందరూ బొంగరం అనేవారు. ఎదురుగా కాదు, ఎదురుపడితే 'అక్కా' అనేవారు. పళ్ల డాక్టరు క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్లు తయారుచెయ్యడం ఆమె పని. మైనపు దిమ్మ మీద పన్ను తర్వాత పన్ను నిలబెట్టి, పై దవడ కింది దవడతో కలుస్తోందో లేదో చూసి, కలవకపోతే తీసి మళ్లీ పెట్టి, వంచిన తల ఎత్తకుండా గంటలకొద్దీ చేసే పని. అంత నిదానమైన పనిలో పగలంతా కూర్చునే మనిషికి బయటికొచ్చాక కాలు ఒకచోట నిలిచేది కాదు. భోజనం మధ్యలో లేచి కుళాయి వాషరు మార్చేది. బస్సు ఎంతకీ రావడం లేదని తర్వాతి స్టాపుకి నడక మొదలుపెట్టేది, ఆ నడకలో ఉండగానే బస్సు పక్కనుంచి దాటిపోయేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా పైకీ కిందికీ తిరిగేది లిఫ్టే తప్ప తాను కాదన్నట్టు నిమ్మళంగా ఉండే మనిషి. "నీ అరికాళ్ల కింద ఎవరో పొయ్యి ముట్టించారు," అని మాత్రం అప్పుడప్పుడు అనేవాడు.

ఆదివారాలు ఆమెకి స్కౌట్ల ట్రూపు ఉండేది. కూతురి చిన్నతనంలో తనని దింపడానికి వెళ్లి, ఆ రోజు ముడులు నేర్పే మనిషి రాకపోతే నేను చూపిస్తానని తాడు చేతిలోకి తీసుకుంది. కూతురు రెండేళ్లకే విసిగి ఈతకి మారిపోయింది. తల్లి ఉండిపోయింది. ట్రూపులో పిల్లలు చిన్న చిన్న జట్లుగా ఉంటారు, జట్టుని పెట్రోల్ అంటారు, దానికి పెద్దగా ఉండే పిల్లనో పిల్లాణ్ణో పెట్రోల్ లీడర్ అంటారు. ఈ మాట చెవినపడ్డ అత్తగారు, తన కోడలి చేతికింద అంతమంది పెట్రోల్ లీడర్లున్నా బండిలోకి ఒక్క చుక్క రాలేదని పక్కింటావిడ దగ్గర వాపోయేది.

ఆ లీడర్లలో ఒక పిల్లని అందరూ కళ్లజోడు అనేవాళ్లు. పద్నాలుగేళ్లది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే కొలిచినట్టు ఉండేది.

గొడవ వేరే ట్రూపులో మొదలైంది. అక్కడి క్యాంపులో ఒక పిల్లాడు స్టవ్ దగ్గర చెయ్యి కాల్చుకున్నాడు. అతని తండ్రి పోలీసుల దాకా వెళ్లాడు. జిల్లా కమిషనర్, అంటే స్కౌట్లందరికీ పెద్ద, మందుల షాపు నడుపుకునే మనిషి. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆ తండ్రి చేత తిట్లు తిన్నది ఆయనే. ఆ తర్వాత కొత్త నియమాలొచ్చాయి. టెంట్లు కాంట్రాక్టరు మనుషులు వేస్తారు. వంట బయటినుంచి వస్తుంది. ప్రతి ఆదివారం ఏం చెయ్యాలో పైనుంచి పంపిస్తారు. పిల్లలు వచ్చి చేసి వెళ్లాలి, అంతే.

ట్రూపులు నడిపే వాలంటీర్లు గొణిగారు. ఆ గొణుగుడు తనదాకా వచ్చాక, కమిషనర్ ఒక ఆదివారం పొద్దున బడి హాల్లో అందరినీ కూర్చోబెట్టి, మనసులో మాట చెప్పమన్నాడు.

చెప్పమంటే చెప్పేవాళ్లకి కొదవా? పాలిస్టర్ యూనిఫాంలో పిల్లలు ఉడికిపోతున్నారని ఒకరన్నారు. శిక్షణ పేరుతో తెర మీద బొమ్మలు చూపించి పంపేస్తున్నారని, ఆ బొమ్మల్లో ముడి వేసే చెయ్యి ఎడమో కుడో కూడా తెలియడం లేదని ఒక బ్యాంకు ఉద్యోగిని అంది. పిల్లలు తక్కువ, బ్యాడ్జీలు ఎక్కువ అయ్యాయని ఇంకొకరు. రిటైరైన డ్రిల్లు మాస్టారు లేచి, తన రోజుల్లో వరస తప్పినవాడు మైదానం చుట్టూ పరిగెత్తేవాడని, ఇప్పుడు వరసే లేదని బాధపడ్డాడు. నియమాలే మేలు, పిల్లాడికేదైనా అయితే మీరొస్తారా కోర్టుకి అని ఒక వకీలు నిలదీశాడు. అందులోనూ న్యాయం ఉంది. కమిషనర్ అన్నిటికీ తలూపుతున్నాడు. ఆ ఊపులో ఔనో కాదో ఎవరికీ అంతుపట్టలేదు.

బొంగరం అప్పటికే మూడు కుర్చీలు మారింది. చివరికి లేచింది.

"పిల్లలు నడపాల్సింది మనం నడుపుతున్నాం సార్. టెంటు మనదే, పొయ్యి మనదే, ఆలోచనా మనదే. మరి వాళ్లెందుకు రావాలి, మనం ఎంత బాగా చేస్తామో చూడ్డానికా?"

హాలంతా చప్పట్లు. ఆ వేడిలో ఆమె ఇంకో మాట కూడా అనేసింది. ఒక్క క్యాంపు మొత్తం పిల్లల చేతికి వదిలి, పెద్దవాళ్లం నోరు మూసుకుని కూర్చుంటే తెలుస్తుంది వాళ్లేం చెయ్యగలరో అంది.

కమిషనర్ ఈసారి తలూపలేదు. "అయితే మీరే చేసి చూపించండమ్మా. వచ్చే క్యాంపు మీ ట్రూపుది. నియమాల నుంచి మీకు మినహాయింపు ఇస్తాను," అన్నాడు.

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికల్లా అన్ని ట్రూపులకీ తెలిసిపోయింది.

క్యాంపు ఊరి బయట మొక్కలు పెంచే నర్సరీ వెనక మైదానంలో. నర్సరీవాళ్ల పనిముట్ల షెడ్డు ఒకటుంది, అవసరమైతే వాడుకోమన్నారు. ఆమెతో పాటు పెద్దవాళ్లలో డ్రిల్లు మాస్టారొక్కడే వచ్చాడు, మడత కుర్చీ చంకన పెట్టుకుని. పిల్లలు బస్సు దిగి స్థలం కోసం అటూ ఇటూ తిరిగి, కుళాయికి దగ్గరగా, గడ్డి మెత్తగా ఉన్నచోట ఆగారు. కళ్లజోడు అక్కడ బ్యాగు దించింది. మేకులు కొట్టడం మొదలైంది.

మైదానమంతా ఎండిపోయి ఉంటే అక్కడొక్కచోటే గడ్డి పచ్చగా ఎందుకుందో బొంగరానికి చూడగానే అర్థమైంది. చుట్టూ నేల కంటికి కనిపించీ కనిపించకుండా ఆ వైపే వాలి ఉంది. నీరు పల్లమెరుగు. ఆకాశం మూల మబ్బు కూడా ఉంది. ఆమె నోరు తెరిచింది. హాల్లో చప్పట్లు గుర్తొచ్చాయి. మూసుకుంది.

మాస్టారు కూడా చూశాడు. "చెప్పమ్మా వాళ్లకి," అన్నాడు నెమ్మదిగా.

"చెబితే మళ్లీ మనమే నడిపినట్టు కాదా మాస్టారూ?"

ఆమె ట్రూపు, ఆమె మాట. ఆయన కుర్చీ విప్పుకుని కూర్చున్నాడు.

ఆమెకి కూర్చోవడం చేతనవలేదు. మైదానం చుట్టూ నడిచింది. బూటు లేసు విప్పి కట్టుకుంది, కట్టింది నచ్చక మళ్లీ విప్పింది. వంట దగ్గర ఒక పిల్లాడు బంగాళదుంపలు తొక్కతో పాటు సగం దుంపా చెక్కేస్తుంటే చూడలేక కత్తి అందుకుంది. వెంటనే ఆ పిల్లాడు మర్యాదగానే కత్తి వెనక్కి తీసుకున్నాడు. అన్నం అడుగంటింది, దాన్ని అందరూ ఎంతో రుచిగా ఉన్నట్టు తిన్నారు. ఒక టెంటు తాడు వదులుగా కట్టారు. ఎవరూ చూడకుండా దాన్ని బిగిద్దామని వెళ్లి, తాడు మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తీసేసింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె ఒంట్లో ప్రతి ఎముకా లేచి నిలబడి ఉన్నట్టే ఉంది.

నాలుగింటికి వాన పడింది. చిన్న వాన కాదు, కుండపోత. చూస్తుండగానే మైదానంలో నీళ్లన్నీ దారి అడక్కుండా టెంట్ల కిందికి చేరాయి. వదులుగా కట్టిన టెంటు ముందు కూలింది. పిల్లలు అరుచుకుంటూ సామాను షెడ్డులోకి మోయడం మొదలుపెట్టారు, బాగానే మోశారు కూడా. బొంగరం ఇక ఆగలేదు, పరుపులెత్తుకుని పరిగెత్తింది. అందరికంటే చిన్నవాడికి ఉబ్బసం ఉంది. వాడి పీల్చే మందు బ్యాగులో, బ్యాగు కూలిన టెంటు కింద. ఆ సంగతి ముందు గుర్తొచ్చింది కళ్లజోడుకి. చీలమండ లోతు బురదలో టెంటు గుడ్డ కిందికి దూరి, తడుముకుని బ్యాగు లాక్కొచ్చింది. వస్తూ జారి బోర్లా పడింది. చిన్నవాడికి మందు అందింది, ఊపిరి సర్దుకుంది. ఆ పిల్ల కళ్లద్దాలు మాత్రం రెండుగా విరిగాయి, కనుబొమ్మ మీద చీరుకుపోయింది.

షెడ్డులో పారలు, మొక్కల సంచుల మధ్య తడిసిన పిల్లలు ముద్దలుగా కూర్చున్నారు. కొందరు నవ్వుతున్నారు. వాళ్లకి ఇదో గొప్ప కథ, సోమవారం బడిలో చెప్పుకోవడానికి. బొంగరం ఆ పిల్ల కనుబొమ్మకి దూది అద్దుతోంది. అద్దాలు లేని ఆ మొహం ఇంకెవరిదో అన్నట్టుంది.

"అది పల్లమని మీకు తెలీదా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

అబద్ధం నాలుక దాకా వచ్చింది. "తెలుసు," అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు మొదటి మేకు కొట్టేటప్పుడు."

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి.

"మరి చెప్పలేదేం?"

"మీ అంతట మీరు తెలుసుకుంటారని. మీరే నడపాలని కదా అనుకున్నాం."

ఆ పిల్ల విరిగిన అద్దాల ముక్కలు ఒళ్లో పెట్టుకుంది. "మీరు చెప్పినా వినాలో వద్దో అనేది మా ఇష్టం. చెప్పకుండా దాచుకుంటే మాకింక ఇష్టమేముంటుంది? అది మేం నడపడం కాదక్కా, మీరు మాకు పరీక్ష పెట్టడం."

మాస్టారు తలుపు దగ్గరికెళ్లి వానకేసి తిరిగి నిలబడ్డాడు.

చీకటి పడకముందే కమిషనర్ కారులో వచ్చాడు. వానకి భయపడి తువాళ్లు, మందుల పెట్టె పట్టుకొచ్చాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన కేకలేస్తాడనుకుంది. ఆయన చిన్నవాడి వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసి, "మీకిప్పుడు తెలిసిందా అమ్మా, నాకు ఆ నియమాలు ఎందుకు రాయబుద్ధయిందో," అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. అందుకే అది ఇంకా లోతుకి దిగింది.

తర్వాతి ఆదివారం కళ్లజోడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వాళ్లమ్మ ఫోనులో కోపంగా ఏమీ అనలేదు, పిల్లకి రావాలని లేదట అని మాత్రం చెప్పింది. క్లినిక్ వెనక గదిలో బొంగరం ఒక పెద్దాయన పళ్ల సెట్టు మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ కాటు, అంటే పై పళ్లు కింది పళ్లతో కలిసే తీరు, కుదరలేదు. డాక్టరు చూసి, ఆయన నమలాలమ్మా, ఎవరినీ కరవక్కర్లేదు అన్నాడు. ఒక సాయంత్రం ఆ పిల్ల ఇంటికి బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లి, కిటికీలో దీపం చూసి, ఏమని మొదలుపెట్టాలో తెలియక వెనక్కొచ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆ మలుపు దగ్గరే ఆగింది.

"లోపలికెళ్లి క్షమాపణ అడిగెయ్యి, పోయేదేముంది," అన్నాడు భర్త.

"క్షమాపణ అడిగితే అయిపోతుందా? ఆ పిల్ల అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు."

అన్నాళ్లూ ఆమె తర్కించుకున్నది అదే. పిల్లల పని లాక్కోకూడదనుకుంది, నిజమే. కానీ నోరు మూసుకోవడం కూడా ఒక రకం లాక్కోవడమేనా? తనకి కనిపించింది తన దగ్గరే ఉంచుకుని, వాళ్లు పడే దాకా చూస్తూ నిలబడటం. కాంట్రాక్టరు టెంటు వేస్తే కనీసం అందులో మోసం లేదు.

మూడో ఆదివారం కళ్లజోడు కొత్త అద్దాలతో వచ్చింది. వెనక మిగతా లీడర్లు. వాళ్లు ముందే మాట్లాడుకున్నారని నడకలోనే తెలుస్తోంది. అందరి తరఫునా ఆ పిల్లే చెప్పింది. ఏ పనికైనా ముందు పెద్దవాళ్లు తమకి తెలిసినదంతా చెప్పాలి, ఒక్కటి కూడా దాచకూడదు. తర్వాత గది బయటికి వెళ్లాలి. నిర్ణయం లీడర్లది. ప్రాణం మీదికొచ్చేదైతే తప్ప మళ్లీ కలగజేసుకోకూడదు. ఇది కుదిరితే ఉంటామంది, కుదరకపోతే లేదంది.

బొంగరం ఒప్పుకుంది. ఆ మాటనే కమిషనర్ పిలిచిన రెండో సమావేశంలో చెప్పింది. ఈసారి చప్పట్లు లేవు. సగంమంది, పిల్లల చేత చెప్పించుకోవడమేమిటన్నారు. వకీలు, ప్రాణం మీదికొచ్చేది ఏదో ఎవరు తేలుస్తారని అడిగాడు. అది తనకీ తెలియదని, ప్రతిసారీ భయపడుతూనే తేల్చుకోవాలని ఆమె ఒప్పుకుంది. డ్రిల్లు మాస్టారు లేచాడు. ఆ రోజు చెప్పమని ఆమెతో అన్నాను గాని, నేనూ చెప్పలేదు, నాకూ నోరుంది కదా అని కూర్చున్నాడు. చాలాసేపు వాదులాట అయ్యాక కమిషనర్ వంట నియమం అలాగే ఉంచాడు. టెంట్ల నియమం, వారం వారం పైనుంచి పంపే పనులు ఒక ఏడాది పక్కన పెడతానన్నాడు. ఎవరికీ పూర్తిగా సంతోషం కలగలేదు.

వానలు తగ్గాక లీడర్లు తర్వాతి క్యాంపుకి స్థలం ఎంచుకోవడానికి కూర్చున్నారు. రెండు స్థలాలున్నాయి. బొంగరం ముందే వెళ్లి రెండూ చూసొచ్చింది. మొదటిదాంట్లో గాలి ఎటునుంచి కొడుతుందో, రాళ్లు ఎక్కడున్నాయో, రెండోదానికి దారిలో వాగు ఎంత లోతుందో, తనకైతే మొదటిదే నచ్చిందని కూడా, అంతా చెప్పింది. చెప్పి బయటికొచ్చింది. తలుపు వేసుకున్నారు.

ఆమె మెట్ల మీద కూర్చుంది, లేచింది, గేటు దాకా వెళ్లి వచ్చింది. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి, ఎవరో నవ్వారు. కిటికీ తెరిచే ఉంది, నాలుగడుగులేస్తే వినబడుతుంది. ఆ నాలుగడుగులు వెయ్యకుండా ఉండటానికి వీధిలోకి నడిచింది. తిరిగొచ్చేసరికి పిల్లలు ఇళ్లకి బయల్దేరుతున్నారు. ఏది ఖాయం చేశారని అడిగింది.

"ఎందుకన్నది వచ్చే వారం చెప్తాం అక్కా. మీకు నచ్చింది మాత్రం కాదు," అంది కళ్లజోడు, సైకిలెక్కుతూ.