నేను బిగించిన నట్లు

ఆ రోజు నా ట్రాక్టర్ వెనక తగిలించిన రోటరీ కట్టర్ గేర్‌బాక్సు పగిలింది నా వల్లే. తిట్లు మాత్రం నా డ్రైవర్ తిన్నాడు.

బెళుగుప్ప దగ్గర ఒక రైతు చేనిలో కోత అయ్యాక మిగిలిన కంది మోళ్లను ముక్కలు కొట్టాలి. కట్టర్ క్లచ్ ఊరికే జారుతోందని పొద్దున నేనే స్పానర్ పట్టుకుని, స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయేదాకా నట్లు బిగించాను.

"అన్నా, అంత బిగిస్తే రాయి తగిలినప్పుడు క్లచ్ జారదు. దెబ్బంతా గేర్‌బాక్సు మీదికి పోతాది," అన్నాడు డ్రైవర్.

"నాకే నేర్పుతాండావేమప్పా?" అని నవ్వాను.

మూడో సాలులోనే మోళ్ల మధ్య రాయి తగిలింది. క్లచ్ జారలేదు. గేర్‌బాక్సు పగిలి నూనె కారుతుంటే, రైతు ముందే అతని మీద అరిచాను.

"కండ్లు యాడ పెట్టుకున్యావు?"

అతను చేతులు తుడుచుకున్నాడే గానీ పొద్దుటి మాట ఎత్తలేదు.

"ఇంగ ఈ మనిషిని నా చేన్లోకి పంపొద్దు," అన్నాడు రైతు.

నేను సరేనని తల ఊపాను. గేర్‌బాక్సు పగలగొట్టినదాని కంటే, అలా తల ఊపినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

మరుసటి పొద్దున డ్రైవర్‌ను మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుని ఆ రైతు దగ్గరికి పోయాను.

"బిగించింది నేను. వద్దని చెప్పినోడు ఈయప్ప," అన్నాను.

రైతు నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే ఆయప్పనే పంపు. నువ్వు రావాకు."

గేర్‌బాక్సు మార్చిన రోజు కూడా స్పానర్ నా చేతిలోనే ఉంది. క్లచ్ నట్లు ఎంత వదులు చేయాలో మాత్రం డ్రైవర్‌నే అడిగాను.

"ఇంకో అర చుట్టు, అన్నా."

వదిలాను.